సందువైపు పిడి

కిటికీ పిడి నా చేతిలోకి ఊడి వచ్చినప్పుడు నాకు మొదట అనుమానం కలిగింది మా తమ్ముడి మీద. పెనుగొండలో మా ఇంటి మధ్యగదిలో, పక్క సందువైపు ఉన్న కిటికీ అది. రాజమండ్రి నుంచి ఎప్పుడు వచ్చినా నేను ఆ గదిలోనే పడుకుంటాను, ఆ కిటికీ తెరుచుకునే పడుకుంటాను. తమ్ముడు సత్యానికి అది గిట్టదు. రోజూ మధ్యాహ్నం సందు మొదట్లో చేపల ఆటో వచ్చి ఆగుతుందనీ, మైకులో పెట్టిన గొంతు బొచ్చెలనీ శీలావతులనీ అరుస్తూనే ఉంటుందనీ, ఆ నీచు వాసన దేవుడి గూటి దాకా వస్తోందనీ వాడి బాధ. కిటికీకి అడ్డంగా ఇటుకలు పేర్పించి ఏసీ పెట్టిస్తానని కొంతకాలంగా అంటున్నాడు, నేను వద్దంటున్నాను. అలాంటిది నేను వచ్చిన మర్నాడే, రెక్క మూయబోతుంటే, ఇత్తడి పిడి ఒక కాలు తెగిపోయి నా చేతిలో మిగిలింది. తెగినచోట చూశాను. సన్నగా, నున్నగా అరిగి ఉంది. ఇత్తడి ఊరికే అలా అరుగుతుందా? ఆకురాయి పెట్టి రాశాడేమో అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, అడిగేశాను కూడా.

"ఒరే సత్యం, నిజం చెప్పు. దీన్ని నువ్వేమన్నా చేశావా?"

"నీకేమన్నా మతి పోయిందేంటక్కా? మూయించాలనుకుంటే నీ ముందే తాపీమేస్త్రిని పిలిపిస్తాను గానీ, దొంగతనంగా పిడి విరగ్గొట్టాల్సిన ఖర్మ నాకేంటి?" అన్నాడు వాడు. అంటున్నంతసేపూ వాడి కళ్ళు ఫోను మీదే ఉన్నాయి. సందులో కెమెరా పెట్టించాడు. గోడవారగా ఎవరు నడిచినా, కుక్క పడుకున్నా, ఎండుటాకు ఎగిరినా వాడి ఫోను టింగుమంటుంది. అన్నం తింటూ కూడా ఎడమచేత్తో దాన్ని ఎత్తి చూసుకుంటాడు. ఇక నన్ను అనడానికి వాడికి నోరెలా వచ్చిందో తెలియదు.

మా ఇంట్లో అందరిదీ ఒకటే జబ్బు, అనుమానం. అది మా మామ్మ నుంచి వచ్చింది. మామ్మంటే మా నాన్నగారి తల్లి. ముందువైపు పచారీ కొట్టు, వెనక పొడుగ్గా రైలుపెట్టెలా ఇల్లు. ఇప్పుడు ఆ కొట్టు గదిలో సెల్‌ఫోన్లు బాగుచేసే అతను అద్దెకుంటున్నాడు గానీ, ఇప్పటికీ వానపడే ముందు ఆ గచ్చులోంచి బెల్లం వాసనా, ఇంగువ వాసనా, తడిసిన గోనెసంచి వాసనా వస్తాయి. మామ్మ పొద్దున్నే స్నానం చేసి, మడిచీర కట్టుకుని, తాళాలగుత్తి బొడ్డున దోపుకుని ఇల్లంతా ఒక చుట్టు తిరిగేది. ప్రతి కిటికీ గడియా లాగి చూసేది. నేతిగిన్నె మూత తీసి వాసన చూసేది. బియ్యం డబ్బాలో పైన సమంగా సర్ది, దాని మీద తన అరచెయ్యి ముద్ర వేసి మూత పెట్టేది. ఎవరైనా చాటున గిద్దెడు తీసుకున్నా ఆ ముద్ర చెదిరిపోవాలి. కోడళ్ళనీ పనివాళ్ళనీ పట్టుకోవడానికి మా కోమటిళ్ళ ముసలమ్మలు చాలామంది చేసే పనే అది. మామ్మ మాత్రం పసుపు డబ్బాకీ, చివరికి దేవుడి దగ్గరి అక్షింతల గిన్నెకీ కూడా ముద్ర వేసేది. అమ్మ ఆ ముద్రల మధ్య నుంచే సంసారం చేసింది.

తాతయ్య తీరు వేరు. ఆయన కళ్ళతో కనిపెట్టేవారు కాదు, ముక్కుతో కనిపెట్టేవారు. మూట విప్పకుండానే ఇంగువలో కల్తీ ఉందో లేదో చెప్పేవారు. తణుకు నుంచి బెల్లం బండి వీధి మలుపు తిరుగుతుండగానే ఇది పాతదిరా అని బేరం తగ్గించేవారు. అటువంటి మనిషికి నీచు వాసనంటే ఎంత అసహ్యమో చెప్పక్కర్లేదు. సిద్ధాంతం రేవు వైపు నుంచి చేపల గంపలవాళ్ళు వీధిలో వెళ్ళినప్పుడల్లా కొట్టు ముందు నీళ్ళు చల్లించేవారు. మా ఇంట్లో చేప అనే మాటే ఎవరూ అనేవారు కాదు. బళ్ళో వాచకంలో ఆ మాట వస్తే నేను దాన్ని మనసులోనే చదువుకునేదాన్ని.

తమ్ముడు పుట్టాక అమ్మకి జ్వరం పట్టుకుని పాలు ఎండిపోయాయి. నాకు అప్పటికి ఊహ తెలిసింది గానీ విషయం తెలిసేంత వయసు కాదు. ఆవుపాలు పోస్తే వాడు కక్కేసేవాడు, మేకపాలూ అంతే, డాక్టరుగారు రాసిచ్చిన డబ్బాపాలూ అంతే. మధ్యగదిలో దూలానికి ఉయ్యాల వేలాడుతుండేది. అందులోంచి వచ్చే ఏడుపు రోజురోజుకీ సన్నబడుతూ వచ్చి, చివరికి గొంతు గీరుకుంటున్నట్టు ఉండేది. మామ్మ ఉయ్యాల పక్కకి వచ్చి నిలబడి, వాడి ముఖంలోకి చూసి వెళ్ళిపోయేది. ఆవిడకి మా నాన్నగారు తప్ప కడుపున పుట్టినవాళ్ళెవరూ దక్కలేదని తర్వాతెప్పుడో విన్నాను. అప్పట్లో ఆ చూపు నాకు మరోలా తోచింది. అమ్మకి పిల్లాణ్ణి పెంచడం చేతకావడం లేదని తప్పు పడుతోందనుకున్నాను.

ఆ రోజుల్లోనే మధ్యగదిలో ఏదో జరుగుతోందని నాకు అనుమానం మొదలైంది. మధ్యాహ్నం కొట్టు తలుపు పలకలు వేసి మగవాళ్ళు వంటింటి ముందు భోజనాలకి కూర్చునే వేళకి, సందులోంచి కిటికీ రెక్క మీద టక్కుమని చప్పుడయ్యేది. వడ్డిస్తున్న అమ్మ చెయ్యి ఆగిపోయేది. "ఎవరే అది?" అనేది మామ్మ. "గాలి కాబోలండీ అత్తయ్యగారూ" అని అమ్మ ఏదో వంకతో ఇటు వచ్చేది. ఒకసారి నేను వెనకాలే వచ్చాను. అమ్మ ఊచల మధ్య నుంచి ఉగ్గుగిన్నె లోపలికి తీసుకుంటోంది. నన్ను చూసి ముఖం తెల్లబోయింది. నేను బయటివాళ్ళకి ఏదో పెట్టి, ఖాళీ గిన్నె వెనక్కి తీసుకుంటోందనుకున్నాను. మామ్మ ముద్రలు దాటి అమ్మ ఏం తీయగలిగిందా అని ఆశ్చర్యం కూడా వేసింది. ఎవరికీ చెప్పలేదు, కానీ అప్పటి నుంచి నేనూ మామ్మలాగే అమ్మని ఓరగా చూడడం మొదలుపెట్టాను.

ఒక రోజు భోజనాలయ్యాక మామ్మ మధ్యగదిలోకి వచ్చి, ఎప్పటిలాగే గడియ చూడబోయి ఆగింది. వంగి పిడిని వాసన చూసింది. అమ్మ ఉయ్యాల తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నేను గడపలో ఉన్నాను. మామ్మ మళ్ళీ ఒకసారి వాసన చూసి, పమిట చెంగుతో ముక్కు మూసుకుని గట్టిగా అంది.

"పిల్లి! సందులో ఏ ముల్లో నోట కరుచుకొచ్చి ఇక్కడ దొర్లినట్టుంది. ఛీ ఛీ! ఒసే అమ్మాయ్, ఇవాళ్టి నుంచి మధ్యాహ్నం పూట ఈ గదివైపు ఎవర్నీ రానీకు. నేను చింతపండుతో తోమి శుద్ధి చేసేదాకా ఇటు మైలే. మీ మామగార్ని కూడా రావద్దని చెప్తాను."

చెప్పినట్టే చేసింది. తాతయ్య భోంచేసి నడుం వాల్చి లేచేలోగా, చింతపండూ బూడిదా కలిపి ఆ పిడిని తళతళలాడేలా తోమేది. పిల్లిని తిడుతూ తోమేది. ఆ తిట్లు వీధి దాకా వినిపించేవి. ఆ పిల్లిని పట్టుకోవాలని నేను సాయంత్రాలు సందులో చాలాసార్లు కాపు కాశాను. ఎప్పుడూ నా కంట పడలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే పిడి ఊడింది. తాతయ్య సరుకు కోసం తణుకు వెళ్ళిన రోజు చూసుకుని మామ్మ వడ్రంగి వీరాచారిని పిలిపించి కొత్త ఇత్తడి పిడి వేయించింది. అతను పని చేస్తున్నంతసేపూ ఎదురుగా పీట వేసుకుని రెప్ప వేయకుండా కూర్చుంది. సందువైపు పని పడితే, మడిచీరతో గడప దాటని మనిషి, అతని వెంట ఆ ఎండలో సందులోకి కూడా వెళ్ళి నిలబడింది. నేను కూడా వస్తానంటే కొట్టులోకి పొమ్మని కసిరింది. మేకులు ఎత్తుకుపోతాడని కాపలా కాస్తోందనుకున్నాను. వీరాచారి కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, వెళ్ళేటప్పుడు సంచీ తిరగేసి చూపించి మరీ వెళ్ళాడు.

నేను కాపురానికి వెళ్ళి, పిల్లల్ని కని, మామ్మా తాతయ్యా ఇద్దరూ పోయాక, అమ్మ ఒకసారి అసలు సంగతి చెప్పింది. ఇద్దరం చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాం. ఉయ్యాలలో తమ్ముడి ఏడుపు ఆగిపోయేలా ఉన్న రోజుల్లో, అమ్మ వాణ్ణి ఎత్తుకుని ఆ కిటికీ దగ్గర నిలబడి ఏడుస్తోందట. సందులో అడ్డదారిన బజారు నుంచి తిరిగి వెళుతున్న చేపల మనిషి ఒకావిడ ఆగిందట. పేరు నూకాలు. "ఏటమ్మా, బాబు అలా ఏడుత్తున్నాడు? పాలు లేవా?" అని అడిగిందట. ఆవిడకీ ఇంటి దగ్గర చంటిపిల్ల ఉంది, తల్లి దగ్గర వదిలి గంప నెత్తికెత్తుకుని వస్తుంది. మధ్యాహ్నానికి గుండెలు బరువెక్కి రవిక తడిసిపోతుంది. "గిన్నె ఇయ్యమ్మా" అందట. గోడవైపు తిరిగి కూర్చుని ఉగ్గుగిన్నెలోకి పాలు పిండి ఇచ్చింది. ఆ పాలు తమ్ముడు కక్కలేదు. ఆ రోజు వాడు నిద్రపోయాడట, అమ్మ మాత్రం భయంతో నిద్రపోలేదట.

"మీ తాతగారికి తెలిసుంటే నా పెట్టె సర్ది నిడదవోలు పుట్టింటికి పంపేసేవారే. నా సంగతి పోనీ, ఆ పాలు మాన్పించేవారు. వీడు దక్కేవాడు కాదు," అంది అమ్మ. "మీ మామ్మ కంటపడకుండా ఎలా గడిపానో ఆ వాసవీ తల్లికే తెలుసు. కళ్ళు మందగించాయి కాబోలు, ఆ ఒక్క కిటికీ గడియ తీసున్నా కనిపెట్టేది కాదు. గిన్నె అందుకున్న చేత్తోనే నేను రెక్క మూస్తే పిడికి నీచు వాసనొచ్చేది, అది పిల్లి పని అనుకుంది. ఆ పిల్లే కాపాడింది నన్ను. ఇంకో అదృష్టం చూడు, కొత్త పిడి వేసినప్పుడు ఆ వీరాచారి బుద్ధి లేక బయటికి కూడా ఒకటి బిగించేశాడు. దాంతో నూకాలుకి రెక్క కొట్టే పని తప్పింది. గట్టు మీద పెట్టిన గిన్నె తనే రెక్క లాగి తీసుకోడం, పాలు పెట్టేసి రెక్క దగ్గరికి తోసి వెళ్ళిపోడం. చప్పుడే లేదు."

తమ్ముడికి అన్నప్రాశన దాకా అలా సాగిందట. తర్వాత నూకాలు మొగుడితో సముద్రం వైపు ఎక్కడికో వెళ్ళిపోయింది. ఏమిచ్చినా పుచ్చుకునేది కాదనీ, ఒక్కసారి మాత్రం బెల్లం ముక్క పిల్లకి నాకిస్తానని తీసుకుందనీ చెప్పి అమ్మ కళ్ళు తుడుచుకుంది. "వాడికి మాత్రం చెప్పకే. నలుగురిలో తిరిగేవాడు, దేవస్థానం పనుల్లో ఉండేవాడు. మనసు పాడుచేసుకుంటాడు," అంది. నేను ఇన్నేళ్ళూ చెప్పలేదు. అమ్మ పోయి చాలాకాలమైనా చెప్పలేదు. ఆ కిటికీని ఎందుకు మూయనివ్వనో వాడికి ఇప్పటిదాకా తెలియకపోవడానికి కారణం అదే.

ఇక ఇప్పటి వడ్రంగి సంగతి. పేరు సూరిబాబు. చెవికి ఫోను పెట్టుకునే వచ్చాడు, విరిగిన పిడిని చేతిలో తూచి చూశాడు. ఆ తూచడం నాకు నచ్చలేదు.

"పాతకాలం ఇత్తడండి. ఇలాంటివి ఇప్పుడు దొరకవండి. అల్యూమినియంది వేసేస్తాను. ఇది శాంపిల్‌కి పట్టుకెళ్తానండి."

"అల్యూమినియం వేసేదానికి ఇత్తడి శాంపిల్ ఎందుకయ్యా?" అన్నాను.

అతను నవ్వేశాడు. పిడి నా చేతిలో పెట్టేసి, మిగిలిన కాలు విప్పబోయాడు. విప్పుతుంటే మర అక్కడే గిరగిర తిరుగుతోంది గానీ రావడం లేదు. "అవతల కూడా ఏదో ఉందండి, రెండూ కలిపి బిగించేశారు" అని స్క్రూడ్రైవరు పట్టుకుని సందులోకి బయలుదేరాడు. నా కళ్ళు కప్పి ఇత్తడి జేబులో వేసుకుంటాడని నేనూ చెప్పులు వేసుకుని వెంటపడ్డాను. ఆ సందులోకి నేను అడుగుపెట్టి ఎన్నేళ్ళయిందో. మా ఇంటి ఆడవాళ్ళు అటు నడవరు. లోపల తమ్ముడి ఫోను టింగుమన్న శబ్దం వినిపించింది.

సందువైపు రెక్కకి పిడి ఉంది. పొరలు పొరలుగా ఆకుపచ్చ రంగు పట్టి చెక్కలో కలిసిపోయింది. అమ్మ చెప్పిన పిడే. సూరిబాబు గీకితే కింద ఇత్తడి బయటపడింది. నా చేతిలో ఉన్నదానికి అది కవల. అదే తామరమొగ్గ, అదే వంపు. ఒకే జత. ఒకదాని కాళ్ళు చెక్కలోంచి దూరి రెండోదాని కాళ్ళలో బిగిశాయి. "రెక్క ముందెప్పుడో తిరగేసి బిగించుంటారండి, అందుకే ఇటు కూడా ఉండిపోయింది" అన్నాడు అతను. కాదని నాకు తెలుసు. బయటికి తెరుచుకునే రెక్కని బయట నుంచి మూయాలంటే తోస్తే చాలు. బయట పిడి ఉంటే అది తెరవడానికే. దొంగల భయంతో అక్షింతలకి కూడా ముద్ర వేసే ఇంట్లో, సందులోంచి తెరుచుకునేలా కిటికీకి పిడి ఎవరు పెట్టిస్తారు?

వీరాచారి బుద్ధి లేక చేశాడంది అమ్మ. మామ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటే, ఎండలో సందు దాకా వచ్చి నిలబడితే, వీరాచారి పొరపాటున ఒక మేకు కూడా కొట్టలేడు. జత పిడి తెప్పించింది మామ్మ. తాతయ్య ఊళ్ళో లేని రోజు చూసుకుంది మామ్మ. పాత పిడి తనంతట తాను ఊడిందని కూడా నేనిప్పుడు నమ్మను. అరచెయ్యి ముద్రలో ఒక గింజ కదిలినా కనిపెట్టే మనిషికి ఆ గడియ కనబడకుండా పోలేదు. ఎవర్నీ నమ్మని మనిషి, ఎవరి కంటా పడని ఒక పిల్లిని నమ్మిందా? మధ్యాహ్నం పూట గదిలోకి ఎవరూ రాకుండా ఆ పిల్లిని అడ్డం పెట్టింది. తాతయ్య ముక్కుకి అందకుండా రోజూ చింతపండుతో తోమింది. తమ్ముడు పెద్దవాడయ్యాక కూడా ఆ తోమడం మానలేదు. నా చేతిలో పిడి సన్నగా అరిగింది అందుకే గానీ, ఆకురాయి వల్ల కాదు.

ఆ సందులో నిలబడి నాకు ఏడుపొచ్చింది. మామ్మ మీద ప్రేమతో కాదు, ముందు కోపంతో. ఒక్క మాట చెప్పి ఉంటే అమ్మ ఇంత భయపడి బతికేది కాదు కదా! అత్తగారికి తెలియనివ్వలేదన్న గర్వమూ, తెలిస్తే ఏమయ్యేదోనన్న వణుకూ, రెండూ పెట్టుకునే అమ్మ వెళ్ళిపోయింది. మళ్ళీ ఆలోచిస్తే, చెప్పి ఉంటే మామ్మ అత్తగారిగా కాదనవలసి వచ్చేదేమో, తాతయ్య అడిగితే అబద్ధమాడవలసి వచ్చేదేమో అనిపించింది. తెలియనట్టు తిరిగినంతకాలం గిన్నె వస్తూనే ఉంది. ఏదేమైనా అడగడానికి ఇద్దరిలో ఒక్కరూ లేరు.

"అల్యూమినియం వద్దు. దీన్నే అతికించి తీసుకురా. బయటిది కూడా ఉండాలి," అన్నాను.

"బయటెందుకండీ అమ్మగారూ? దొంగలకి సాయమా?" అని ఈసారి సూరిబాబు నన్ను అనుమానంగా చూశాడు. ఇత్తడి మాత్రం అతని చేతికి ఇవ్వలేదు. రిక్షా ఎక్కి అతనితోపాటు అతికే కొట్టు దాకా వెళ్ళి, దగ్గరుండి అతికించుకొచ్చాను. మామ్మ ఉంటే మెచ్చుకునేది.

పని పూర్తయి సూరిబాబు వెళ్ళేసరికి చేపల ఆటో వేళయింది. తమ్ముడు ఫోను పట్టుకుని మధ్యగదిలోకి వచ్చాడు. "సందులో ఏం చేశావక్కా అంతసేపు? బయట పిడి తీయించకుండా రంగు గీకించడం ఏంటి? రేపు ఎవడైనా లాగితే?" అన్నాడు. బొచ్చెలు, శీలావతులు అని మైకు మొదలైంది. వాడు ముక్కు మూసుకున్నాడు. ఆ ముక్కు తాతయ్యదే. అమ్మకిచ్చిన మాట అక్కడితో పోయింది. వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, ఉయ్యాల దగ్గర మొదలుపెట్టి, నూకాలు సంగతీ, పిల్లి సంగతీ, పీట వేసుకుని కూర్చున్న మామ్మ సంగతీ, అన్నీ చెప్పేశాను. వాడు నన్ను నమ్ముతాడని అనుకోలేదు. మధ్యలో ఎన్నోసార్లు ఫోను టింగుమంది. వాడు ఒక్కసారీ ఎత్తి చూడలేదు.

చెప్పడం అయ్యాక లేచి బయటికి వెళ్ళాడు. కోపం వచ్చిందేమో, వీధరుగు మీద కూర్చుంటాడేమో అనుకున్నాను. కాసేపటికి సందులో చెప్పుల చప్పుడైంది. కిటికీ రెక్క బయటి నుంచి మెల్లిగా తెరుచుకుంది. ఊచల అవతల ఎండలో మా తమ్ముడు నిలబడి ఉన్నాడు, చెయ్యి ఇంకా పిడి మీదే ఉంది. లోపలికి, నా తల మీదుగా పైకి చూస్తున్నాడు.

"అక్కా, ఇక్కడ నిలబడితే దూలానికున్న ఉయ్యాల కొక్కెం కనిపిస్తోందే," అన్నాడు. "అయితే ఆవిడ నన్ను చూసే వెళ్ళేదన్నమాట."

నేనూ తలెత్తి ఆ కొక్కెం వైపు చూశాను. వాడు రెక్క దగ్గరికి తోసి లోపలికి వచ్చి, మొహం కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. ఆటో ఇంకా అరుస్తూనే ఉంది. నేను వడ్డించబోతూ, అలవాటు కొద్దీ, వెళ్ళి ఆ కిటికీకి గడియ పెట్టి రానా అని అడిగాను.

"వద్దు, ఉండనీ," అన్నాడు.